రాత్రివేళ తలుపు తట్టిన చేయి
(మేరీ బ్రెకిన్‌రిడ్జి జీవిత చరిత్ర)

పఠన భాగములు: నిర్గమకాండము 1:15-21, 18:13-26



మోషే మామయైన యిత్రో అరణ్యములో తన అల్లుని చూడవచ్చిన సంగతి మీరెరుగుదురు. తెల్లవారినది మొదలుకొని ప్రొద్దుగ్రుంకు వరకు ప్రజలు బారులు తీరి నిలిచియుండుటయు, మోషే ఒక్కడే కూర్చుండి అందరి తగవులు తీర్చుచుండుటయు ఆ పెద్దమనిషి చూచెను. ఇట్లు జరిగినయెడల అల్లుడును కృశించును, ప్రజలును విసిగిపోవుదురని ఆయన గ్రహించెను. నమ్మకమైన వారిని ఏర్పరచి, వారికి నేర్పి, సులువైన వ్యాజ్యెములు వారికప్పగించి, కఠినమైనవి మాత్రమే తన యొద్దకు తెప్పించుకొనుమని సలహా యిచ్చెను. మోషే ఆ సలహాను శిరసావహించెను. దానివలన మోషే గౌరవము తరుగలేదు. ప్రజలు ఎండలో నిలుచుట మాత్రము తప్పెను.

ఈ నెల ఈ భాగమును మీ యెదుట ఉంచుటకు కారణము కలదు. కొంతకాలము క్రిందట మన సంఘమందలి ఒక వృద్ధమాతను వైద్యము నిమిత్తము హైదరాబాదునకు తీసికొని పోయితిమి. పంజాగుట్ట మీకు తెలిసిన పేరే. నిజాం పేరిట వెలసి, 1989లో ప్రత్యేక చట్టముతో వైద్య విద్యాపీఠమైన నిమ్స్ ఆసుపత్రి అక్కడ నున్నందున, మన పల్లెలలో పెద్ద జబ్బు అనగానే పంజాగుట్ట అను మాట వినబడును. మేము దిగినది ఆ ప్రాంతములోనే మరియొక ఆసుపత్రి. రాత్రి చాల ప్రొద్దుపోయెను. పైన మెట్రో రైళ్ళు నిలిచిపోయినను, క్రింద చౌరస్తాలో వాహనముల రొద తగ్గలేదు. అప్పుడు మా పెద్దమ్మకు ఆయాసము హెచ్చెను. పెద్ద డాక్టరుగారు ఇంటికి వెళ్ళియుండిరి. రాత్రి డాక్టరు వేరొక వార్డులో మరియొక ప్రాణము కొరకు పెనుగులాడుచుండెను. ముప్పది యేండ్లయినను నిండని ఒక నర్సు పరుగున వచ్చి, పెద్దమ్మను దిండ్లకు ఆనించి కూర్చుండబెట్టి, నాడి చూచి, ఊపిరి లెక్కించి, ఆక్సిజన్ పెట్టి, డాక్టరుకు ఫోను చేసి నాలుగు మాటలలో స్థితి వివరించి, ఆయన చెప్పిన సూదిమందు ఇచ్చెను. డాక్టరు వచ్చునప్పటికి ఆయాసము సగము దిగెను. ఆయన అంతయు పరీక్షించి, ఆ నర్సు చేసినది సరియే యని తల ఊపి వెళ్ళెను.

మరునాడు నేను అమీర్‌పేటకు పోయితిని. అచ్చట మేడలన్నియు కోచింగు సెంటర్ల బోర్డులతో కప్పబడియుండును. మన సంఘములో పెరిగి నర్సు చదువు ముగించిన మన బిడ్డ యొకతె అక్కడ హాస్టలులో నుండి, విదేశ ఉద్యోగము కొరకు ఇంగ్లీషు పరీక్షకు సిద్ధపడుచున్నది. ఆమె నన్ను ఒక ప్రశ్న అడిగెను. బ్రిటను దేశములో దవాఖానా వేళలు దాటిన పిమ్మట వచ్చు రోగులను పలుచోట్ల విశేష శిక్షణ పొందిన నర్సులే పరీక్షించి మందులు వ్రాయుదురని ఆమె వినెను. అది నిజమే. 2004లో క్రొత్త ఒప్పందము వచ్చినప్పుడు అక్కడి కుటుంబ వైద్యులలో అధికులు రాత్రివేళ బాధ్యతను విడిచిపెట్టిరి. అప్పటినుండి ఆ భారమును ఇతర డాక్టర్లతో పాటు నర్సులును మోయుచున్నారు. 2006 నుండి తగిన అర్హతగల నర్సులకు దాదాపు అన్ని మందులు వ్రాయు అధికారము కూడ దొరికెను. అయితే మన బిడ్డ మనస్సులో నొక ముల్లు కలదు. డాక్టరు పని నర్సు చేయుట తన హద్దు దాటుట కాదా, అది గర్వము కాదా, నర్సు నర్సుగానే ఉండవలెనని ఇంటి పెద్దలు చెప్పిరి గదా యని ఆమె అడిగెను. ఆ జనసమ్మర్దములో నేను ఆమెకు సరియైన జవాబు చెప్పలేకపోతిని. తిరిగి వచ్చు బస్సులో కూర్చున్నప్పుడు ఒక స్త్రీ జీవితము నా జ్ఞాపకమునకు వచ్చెను. ఆ బిడ్డకు చెప్పవలసిన జవాబును మీకందరికిని ఇక్కడ వ్రాయుచున్నాను.

మేరీ బ్రెకిన్‌రిడ్జి 1881 ఫిబ్రవరి 17వ తేదీన అమెరికా దేశమందలి మెంఫిస్ పట్టణములో జన్మించెను. ఆమె తాత ఆ దేశమునకు ఉపాధ్యక్షుడుగా నుండినవాడు. తండ్రి శాసనసభ్యుడై, పిమ్మట రష్యా దేశమునకు రాయబారిగా వెళ్ళెను. కావున ఆమె బాల్యము రాజధానులలోను, స్విట్జర్లాండు పాఠశాలలోను గడచెను. గొప్పింటి కన్య పెండ్లి చేసికొని ఇల్లు దిద్దుకొనవలెనే గాని, ఉద్యోగము చేయరాదని ఆ కాలపు పెద్దల తలంపు. అట్లే 1904లో ఆమెకు వివాహమాయెను. రెండేండ్లకే, 1906లో, భర్త పేగు వాపు వ్యాధితో మరణించెను. ఇరువది యైదేండ్ల ప్రాయమున ఆమె విధవరాలాయెను.

విధవరాలు మూల గదిలో కూర్చుండవలెనని మన దేశములోనే గాదు, అక్కడ గొప్పిండ్లలోను ఉండెను. మేరీ అట్లు కూర్చుండలేదు. న్యూయార్కులోని సెయింట్ లూక్స్ ఆసుపత్రిలో నర్సు శిక్షణకు చేరి 1910లో ముగించెను. 1912లో రెండవ వివాహము చేసికొనెను. 1914లో ఒక కుమారుడు పుట్టెను. 1916లో నెలలు నిండకమునుపే ఒక కుమార్తె పుట్టి, ఆ దినముననే కన్నుమూసెను. కుమారుడు ముద్దుగా పెరుగుచుండగా, 1918 జనవరిలో, నాలుగేండ్లు నిండిన కొద్ది దినములకే వ్యాధితో మరణించెను. ఆ వివాహము కూడ నిలువలేదు. 1920లో విడాకులతో ముగిసెను. ఈ సంగతిని దాచి ఆమెను పటములోని పరిశుద్ధురాలిగా మీ యెదుట నిలుపను. ఒడి ఖాళీయై, ఇల్లు కూలిపోయి, నలువదేండ్లకు సమీపించిన స్త్రీగా ఆమెను చూడుడి. మనలో ఇట్టి తల్లులు లేరా? సంఘములో వెనుక వరుసలో కూర్చుండి, పాట పాడలేక పెదవులు బిగించువారు లేరా?

తన ఇద్దరు బిడ్డలను బ్రతికించుకొనలేని తల్లి, ఇతరుల బిడ్డల కొరకు బ్రతుకవలెనని తీర్మానించుకొనెను. మొదటి ప్రపంచ యుద్ధము ముగిసిన పిమ్మట ఫ్రాన్సు దేశమునకు వెళ్ళి, పాడుపడిన గ్రామములలో పసిబిడ్డలకును తల్లులకును సేవ చేసెను. పాలు లేని బిడ్డల కొరకు అమెరికాలోని స్నేహితులకు వ్రాసి, మేకలను కొనుటకు సొమ్ము తెప్పించెను. అక్కడ ఆమె కన్నులు ఒక సంగతిని పట్టుకొనెను. ఇంగ్లండు నుండి వచ్చిన నర్సులలో కొందరు ప్రసవము చేయుటకు కూడ చదువుకొన్నవారు. నర్సు విద్యయు మంత్రసాని విద్యయు ఒక్క మనిషియందే కలిసియుండెను. అమెరికాలో అట్టివారు అప్పుడు దాదాపుగా లేరు.

ఆమె స్వదేశము తిరిగి వచ్చి, 1923 వేసవిలో కెంటకీ రాష్ట్రపు కొండలలో గుఱ్ఱమెక్కి తిరిగెను. ఇంటింట ఆగి తల్లులను, ముసలి మంత్రసానులను పలుకరించి, ఎవరెట్లు కాన్పు చేయుచున్నారో, ఎందరు చనిపోవుచున్నారో విచారించెను. లెస్లీ కౌంటీ అను ఆ సీమలో సుమారు 10,000 మంది ప్రజలుండియు నివాసముండు డాక్టరు ఒక్కడును లేడు. బాటలు లేవు, ఏటి గర్భమే బాట. అంతట ఆమె, నేర్వనిదే చేయరాదని తలంచి, నలువది రెండేండ్ల వయస్సులో మరల విద్యార్థినియై లండను చేరి, ఊలిచ్‌లోని ప్రసూతి ఆసుపత్రిలో మంత్రసాని విద్య నేర్చి పరీక్ష నిచ్చెను. స్కాట్లండు కొండలకును దీవులకును పోయి, డాక్టరు అందని చోట్ల అక్కడి ప్రభుత్వము నర్సులతో సేవ ఎట్లు జరిపించుచున్నదో కన్నులార చూచెను.

1925లో ఆమె కెంటకీ కొండలలో పని ఆరంభించెను. ఆ సంస్థకు 1928 నుండి ఫ్రాంటియర్ నర్సింగ్ సర్వీసు అని పేరు. ఆ యేడే హైడెన్ అను చోట చిన్న ఆసుపత్రి వెలసెను. కొండలలో అక్కడక్కడ నర్సుల కేంద్రములు కట్టించెను. ఒక్కొక్క కేంద్రము చుట్టును సుమారు 5 మైళ్ళ దూరములోని ఇండ్లన్నియు ఆ నర్సుల పాలిటివి. కుటుంబమొక్కటికి ఏడాదికి ఒక డాలరు, కాన్పునకు ఐదు డాలర్లు రుసుము. సొమ్ము లేనివారు గడ్డియో, కోళ్ళో, కట్టెలో ఇయ్యవచ్చును. లేదా కూలిపని చేసి తీర్చవచ్చును. ఊరకయే పెట్టి ప్రజల ఆత్మగౌరవమును చంపకూడదని ఆమె తలంపు. మన ప్రథమఫలముల పండుగనాడు గంపలో బియ్యమును, గుమ్మడికాయలను తెచ్చు విధవరాండ్రకు ఈ మాట బాగుగా తెలియును.

ఇక రాత్రుల సంగతి వినుడి. నొప్పులు పగలు చూచుకొని రావు. అర్ధరాత్రి భర్త కంచర గాడిదనెక్కి ఏరు దాటి వచ్చి నర్సు తలుపు తట్టును. అతడు నర్సు యొద్దకు రాగలిగినయెడల, నర్సు అతని భార్య యొద్దకు వచ్చితీరును. ఇది అక్కడి కట్టడ. ఆమె లాంతరు పట్టుకొని, కాన్పు సామగ్రిగల జీను సంచులను గుఱ్ఱముపై వేసి, మంచులోనైనను వరదలోనైనను బయలుదేరును. డాక్టరు చేయవలసిన పని యెంతయో ఆ రాత్రి ఆమె చేతులు చేయును. కాన్పు చేయును, గాయము కట్టును, జ్వరమును కనిపెట్టును, అంటువ్యాధులు రాకుండ బిడ్డలకు టీకాలు వేయును.

అయితే ఆమె హద్దు దాటుచున్నదా? మన బిడ్డ ప్రశ్నకు జవాబు ఇక్కడనే యున్నది. మేరీ బ్రెకిన్‌రిడ్జి తన నర్సులను వారి ఇష్టమునకు విడిచిపెట్టలేదు. లెక్సింగ్టన్ పట్టణపు డాక్టర్ల సంఘమొకటి కూర్చుండి, ఏ లక్షణము కనబడినప్పుడు నర్సు ఏమి చేయవలెనో, ఏ మందు ఎంత ఇయ్యవలెనో, ఏది తాను చేయక డాక్టరును పిలువవలెనో ముందుగానే వ్రాసి ఒప్పుకొనిరి. ఆ వ్రాతప్రతి ప్రతి నర్సు సంచిలో నుండును. కఠినమైన కాన్పు అయినయెడల ఇరుగుపొరుగు మగవారు మంచె కట్టి, తల్లిని భుజములమీద మోసికొని కొండ దిగి ఆసుపత్రికి చేర్చుదురు. నేర్చుకొని చేయుట, వ్రాసిన కట్టడలో నిలుచుట, తనకు మించినది సకాలములో పైవారికి అప్పగించుట, ఈ మూడును కలిసి యిత్రో చెప్పిన మార్గమే గదా!

ఫలమును బట్టి చెట్టు తెలియును. ఒక పెద్ద జీవిత బీమా కంపెనీ గణకుడు ఆ సంస్థవారి మొదటి 1,000 కాన్పుల లెక్కలను పరిశీలించి 1932లో ప్రకటించెను. ఆ వేయిమందిలో ప్రసవ కారణముగా ఒక్క తల్లియు చనిపోలేదు. ఇట్టి సేవ దేశమంతట నున్నయెడల ఏటేట 10,000 మంది తల్లులు బ్రతుకుదురని ఆయన లెక్క తేల్చెను. గొప్ప పట్టణములలో, గొప్ప ఆసుపత్రులలో తల్లులు చనిపోవుచుండిన దినములలో, దారి లేని కొండలలో, పూరిగుడిసెలలో, లాంతరు వెలుగున ఇది జరిగెను.

1931లో గుఱ్ఱము బెదరి ఆమెను పడవేయగా వెన్నెముక విరిగెను. నడుమునకు పట్టా కట్టుకొని ఆమె తిరిగి పనిలోనికి వచ్చెను. 1939లో యుద్ధము రాగా, ఆమెయొద్దనున్న ఇంగ్లండు నర్సులు అనేకులు స్వదేశమునకు మరలిపోయిరి. ఆమె నిరాశపడక, ఆ కొండలలోనే నర్సులకు మంత్రసాని విద్య నేర్పు పాఠశాల తెరచెను.

ఇక్కడ ఒక మాట చెప్పకపోయినయెడల నేను అబద్ధికుడనగుదును. పేదవారి గుడిసెలలో వంగి దూరిన ఈ స్త్రీ, నల్లజాతి నర్సులను తన సేవలో చేర్చుకొనలేదు. తాను పుట్టిన గొప్పింటి గర్వమును ఆమె ఆ విషయములో విడువలేకపోయెను. అంటరానితనపు దెబ్బ తిన్న తాతల బిడ్డలము మనము. ఈ మాట చదివినప్పుడు మన గుండెకు తగులును, తగులవలెను. పరిశుద్ధ గ్రంథము దావీదు పాపమును దాచలేదు, పేతురు బొంకును దాచలేదు. దేవుడు పగిలిన పాత్రలతోనే నీళ్ళు మోయించును. అయినను పగులు పగులే. ఆమె మంచిని తీసికొందము, ఆమె పగులును మన యిండ్లలో, మన సంఘములలో వెదకికొందము.

1965 మే 16వ తేదీన, ఎనుబది నాలుగేండ్ల వయస్సున, తాను కట్టించిన కొండ ఇంటిలో ఆమె నిద్రించెను. అదే సంవత్సరము కొలరాడో విశ్వవిద్యాలయములో లొరెట్టా ఫోర్డ్ అను నర్సును, హెన్రీ సిల్వర్ అను పిల్లల డాక్టరును కలిసి, రోగులను స్వయముగా పరీక్షించి వైద్యము చేయు నర్సులకు మొదటి శిక్షణ నారంభించిరి. అట్టివారికి నర్స్ ప్రాక్టీషనరు అని పేరు వచ్చెను. 1970లో మేరీ బ్రెకిన్‌రిడ్జి పాఠశాల కూడ కుటుంబమంతటికి వైద్యము చేయు నర్సులను సిద్ధపరచ నారంభించెను. విత్తినది ఒకతె, కోసినవారు వేరొకరు.

ఆ విత్తనము మన నేలలోను పడెను. 2017లో తెలంగాణ ప్రభుత్వము, యూనిసెఫ్ సహాయముతోను హైదరాబాదులోని ఫెర్నాండెజ్ ఫౌండేషన్ సహాయముతోను, కరీంనగర్‌లో నర్సులకు పదునెనిమిది నెలల మంత్రసాని శిక్షణ ఆరంభించెను. మరుసటి యేడు, 2018 డిసెంబరులో, భారత ప్రభుత్వము దేశమంతటికి ఇట్టి నర్సుల కొరకు నియమావళి ప్రకటించెను. దీని అవసరము ఎంతయో ఒక్క లెక్క చెప్పును: 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారము తెలంగాణలో నూటికి 60కి పైగా కాన్పులు కడుపు కోసి చేసినవే, దేశములో ఇదియే అన్నిటికంటె హెచ్చు. కోత అవసరమైన తల్లికి అది దేవుని వరము. అవసరము లేని తల్లికి అది గాయమును, అప్పును. ఓపికతో ప్రక్కన కూర్చుండి, సహజ కాన్పునకు తోడుపడి, ప్రమాదము కనబడగానే డాక్టరును పిలుచు నర్సు ఉన్నచోట ఈ రెండింటికిని భేదము తెలియును.

నేను ఈ సంగతి ఎందుకింత పట్టుదలతో వ్రాయుచున్నానో ఇప్పుడు చెప్పెదను. కొన్నియేండ్ల క్రిందట, నేను వేరొక గ్రామములో సేవ చేయుచున్నప్పుడు, ఒక చిన్నతల్లికి కాన్పు తరువాత రాత్రి రక్తస్రావమాయెను. దగ్గరలో చేయి వేయగల నేర్పరి ఒక్కరును లేరు. ఊరిలో సూదిమందులు వేయు ఒక మనిషి వచ్చి ఏదో సూది వేసి, తగ్గునని చెప్పి పోయెను. ఆ మాట నమ్మి మేము రెండు గంటలు పోగొట్టితిమి. నేనును ఆ నమ్మినవారిలో ఒకడను. మోటారు దొరికి బయలుదేరునప్పటికి ఆలస్యమాయెను. మరునాడు సమాధి చేయునప్పుడు, ఆ పసిబిడ్డను ఎత్తుకొనియున్న అవ్వ ముఖమును నేను చూడలేకపోతిని. ఆ రెండు గంటలకు నేను దేవునియెదుట జవాబుదారిని.

కావున సంఘస్థులారా, మూడు సంగతులు మనసున నుంచుకొనుడి. మొదటిది, చదువు లేని ధైర్యమును చదువుకొన్న ధైర్యముతో కలపకుడి. విద్య నేర్చి, కట్టడకు లోబడి, పైవారిని పిలుచు నర్సు వేరు. ఏమియు నేర్వక అన్నిటికిని సూది వేయు మనిషి వేరు. రెండవది, రాత్రి కష్టము వచ్చినప్పుడు ఎవరిని పిలువవలెనో పగలే తెలిసికొని యుండుడి. 108 సంఖ్యయు, మీ ఉపకేంద్రపు నర్సు నంబరును గోడమీద వ్రాసికొనుడి. గర్భిణి యున్న ఇంటివారు ఈ పని నేడే చేయుడి. మూడవది, మన సంఘపు కుమార్తెలలో అనేకులు నర్సులు. వారు రాత్రి పనికి పోయినప్పుడు వంకరగా మాటలాడువారు మనలోనే యున్నారు. ఆ నోళ్ళు మూతపడవలెను. మనము నిద్రించునప్పుడు మేల్కొనియుండువారు వారు.

అమీర్‌పేటలోనున్న నా బిడ్డా, ఇక నీ ప్రశ్నకు నా జవాబు. నేర్వని పని చేయుట గర్వము. నేర్చిన పనిని రోగి చనిపోవుచుండగా చేయకుండుట భయము. ఈ రెంటికి నడుమ ఒక ఇరుకైన మార్గము కలదు. ఫరోకు భయపడక దేవునికి భయపడిన షిఫ్రాయు పూయాయు ఆ మార్గముననే నడచిరి. దేవుడు వారికి మేలు చేసెను. నీవును నేర్చుకొనుము. నీ హద్దు నెరుగుము. హద్దులోపలనున్న పనిని మాత్రము ఎవరి మాటకును జంకి విడువకుము. ఏ దేశమునకు పోయినను, ఎప్పుడైన ఒకనాడు మన ప్రక్క పల్లెలో అర్ధరాత్రి ఎవరో తలుపు తట్టుదురని మరువకుము.

ప్రార్థన: రాత్రియందు కునుకని మా కాపరీ, ఈ రాత్రి మేల్కొనియున్న నర్సులను, డాక్టర్లను కాపాడుము. వారి చేతులకు నేర్పును, వారి మనస్సులకు వినయమును దయచేయుము. దారి లేని పల్లెలలో నొప్పులు పడుచున్న తల్లులయొద్దకు సకాలములో ఎవరినైనను పంపుము. మేము పోగొట్టిన గడియలను క్షమించుము. యేసు నామమున, ఆమేన్.